దిష్టి తీసే నెపంతో

బాపట్లలో చుట్టాలింట పురుడొచ్చిందని పసిపిల్లని చూడ్డానికి వెళ్ళిన మా అమ్మమ్మ, అక్కడే నిద్రలో పోయింది. కబురు తెచ్చినాయన తెనాలిలో మా గుమ్మం ఎక్కకుండానే, "పురిటింట్లో పోయింది చూడమ్మా, వాళ్ళు చాలా బాధపడుతున్నారు" అన్నాడు. ఆ బాధ అమ్మమ్మ కోసం కాదని నాకు తెలుసు. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

ఆమె మా అమ్మకి తల్లి. నన్ను మేనమామకే ఇచ్చారు కాబట్టి నాకు అత్తగారు కూడా. అయినా అత్తా అని ఒక్కసారీ పిలవలేదు. నేను ఐదో తరగతి దాకే చదివాను. పదిమందిలో గొంతు లేవదు. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

మా అమ్మాయికి రెండో ఏడు నడుస్తున్నప్పుడు, దీపాలు పెట్టే వేళ ఎడమ కన్ను పిల్లికన్నులా తెల్లగా మెరిసేది. మేం ముద్దు చేసేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం ఆ మెరుపు చూసిన రోజు అన్నం ముట్టలేదు. మర్నాడే మమ్మల్ని గుంటూరు పెద్దాసుపత్రికి బయల్దేరదీసింది.

పిల్లల కంటికి కూడా క్యాన్సరొస్తుందని అక్కడే విన్నాను. డాక్టరమ్మ, "మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఇలా వచ్చిందా?" అని అడిగింది. మా ఆయన "లేదండి" అన్నాడు.

"వచ్చిందమ్మా" అంది అమ్మమ్మ. "వీడి అన్నకే. పసితనంలోనే పోయాడు. కంట్లో ఆవు కొమ్ము తగిలిందని ఊరంతా చెప్పుకున్నాం. నిజం చెబితే ఆడపిల్లలకి సంబంధాలు రావంది మా అత్తగారు. అసలప్పుడు మా ఇంట్లో ఆవే లేదమ్మా."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీరొక్కరే కాదండి. ఒకరు కొమ్మంటారు, ఒకరు పుల్ల గుచ్చుకుందంటారు. ఎంతమంది పిల్లలు దీంతో పోతున్నారో మాకెలా తెలుస్తుంది?" అంది. ఇది అంటుకునేది కాదని, కొన్ని కుటుంబాల్లో మళ్ళీ మళ్ళీ కనబడుతుందని చెప్పింది. మా వాళ్ళల్లో ఎవరికి పిల్లలు పుట్టినా కళ్ళు చూస్తూ ఉండమంది. ముందే పసిగడితే ప్రాణం నిలబెట్టొచ్చంది.

మా అమ్మాయికి ఆ కన్ను తీసేశారు. పిల్ల దక్కింది. బస్సులో నేను దాని మొహం మీద కొంగు కప్పితే అమ్మమ్మ లాగేసేది. "దాన్నెందుకే దాస్తావు? సిగ్గుపడాల్సింది నేను. కప్పితే నాకు కప్పు" అనేది.

అప్పట్నుంచి మా వాళ్ళల్లో ఎక్కడ పురుడొచ్చినా వెళ్ళేది. కానీ మొగుడు పోయిన మనిషి వచ్చి పసిపిల్ల కళ్ళల్లోకి దీపం పెట్టి చూస్తానంటే ఎవరు చూడనిస్తారు? రేపల్లెలో ఒకావిడ మొహం మీదే, "నీ దిష్టి తగులుద్ది, పో" అంది.

"దిష్టే కదా, అయితే తీసే పోతాను" అంది అమ్మమ్మ.

అదే ఆమెకి దారయింది. మసక గదిలో పిల్లని తల్లి ఒళ్ళో పడుకోబెట్టించి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి తిప్పేది. చివర్లో ఆ పళ్ళెం తన కణత పక్కన పట్టుకుని, కళ్ళల్లో ఆ తెల్ల మెరుపుందేమోనని వంగి చూసేది. "ఇంకెంతసేపు?" అంటే "మొండి దిష్టమ్మా, పోవద్దూ?" అనేది. పక్కన కర్పూరం అందించే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రేపల్లె పాపకి ఈ జబ్బుందని అలాగే కనిపెట్టింది. ఆ పాప ఇప్పుడు బడికెళ్తోంది.

ఈ ఏడు భట్టిప్రోలులో మా పిన్నికి మనవడు పుట్టాడు. పిన్ని అంటే అమ్మమ్మకి చిన్న కూతురు. గుమ్మంలోనే మమ్మల్ని ఆపేసింది. "నీ కర్పూరం సంగతి నాకు తెలుసమ్మా. నా కూతురికింకా పెళ్ళి కావాలి. మా కొంప ముంచకు."

"పోయిన మీ పెద్దన్న కళ్ళు నువ్వు చూళ్ళేదే" అంది అమ్మమ్మ. "నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను."

బస్సొచ్చేదాకా కర్పూరం బిళ్ళ ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది. నేను తలెత్తలేదు.

పెద్దకర్మకి ముందురోజు, పొద్దుగూకే వేళ, పెరటి తలుపు దగ్గర "వదినా" అని వినిపించింది. పిన్ని కోడలు. తెనాలిలోనే పుట్టింటికొచ్చి ఉందట. చంకలో చంటాడు.

"లోపలికి రాను. వీణ్ణి చావింటికి తెచ్చానంటే అత్తయ్య చంపేస్తుంది. నువ్వు చూడు వదినా."

"నేనా? నాకేం తెలుసు?"

"పక్కనుండి చూసింది నువ్వేగా."

అమ్మమ్మ డబ్బాలోంచి కర్పూరం తెచ్చి వెలిగించాను. లోపల్నుంచి, కర్మకని వచ్చి ఉన్న పిన్ని గొంతు, "ఎవరే అక్కడ?"

ఎప్పుడూ ఇలాంటి ప్రశ్నకి తల వంచుకునేదాన్ని.

"నేనే పిన్నీ" అన్నాను. "నీ మనవడి కళ్ళు చూస్తున్నాను."

పళ్ళెం కణత పక్కన పట్టుకుని వంగాను. ఒక కన్ను నల్లగా ఉంది, అందులో చిన్న మంట. రెండో కంటికేసి జరిగాను. అదీ నల్లగానే ఉంది, అందులోనూ చిన్న మంట. పళ్ళెం ఓ పక్కకి ఒరుగుతోంది. పిన్ని ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి పళ్ళెం కింద తన చెయ్యి ఆన్చింది.