రాకెట్ దిగిన ఊరు

రంగూన్ చౌక్తడా పేటలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆ ఇంగ్లీషు కామిక్ కనబడింది. అదే బొమ్మ, అదే చెమ్మ వాసన. నా చిన్నప్పుడు రేవులో పనిచేసే మా తాత, ఓడవాళ్ళు వదిలేసిన ఈ పుస్తకాన్నే ఇంటికి తెచ్చి, తెలుగులో చదివి వినిపించేవాడు.

"తాతా, ఈ రాకెట్టోడు ఏటంటన్నాడు?" అని చివరి బొమ్మ దగ్గర ప్రతిసారీ అడిగేదాన్ని.

"వచ్చీసినాం, అదిగో మన సిక్కోలు, అంటన్నాడమ్మా."

తాత వదిలొచ్చిన సిక్కోలు ఆకాశంలో ఉందని, రాకెట్ లేకే మేం వెళ్ళడం లేదని చాలా ఏళ్ళు నమ్మాను. మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో విమానం లేస్తే ఆశగా చూసేదాన్ని.

ఇవాళ ఆ ఫుట్‌పాత్ మీదే నిలబడి ఆ చివరి బొమ్మలో మాటలు చదివాను. "మనం ఇక ఇంటికి వెళ్ళలేం" అంటున్నాడు.

తాతకి ఇంగ్లీషు చదవడం బాగానే వచ్చు.