సాంచా ఆగిందనుకున్నాం

పోయిన మే నెలలో మా మనవరాలు పెద్ద హాల్లో ఫ్రెంచ్ హార్న్ వాయించినప్పుడు, వినడానికి మేముండే గోడాదరా పేట నుంచి నలభై మందిని వెంటబెట్టుకుని వెళ్ళానని అందరికీ చెప్పాను. కాగితం మీద రాసేటప్పుడు ఎందుకో అంత ధైర్యం చాలడం లేదు. నలభై మంది కాదు, నలుగురం. ఆ నలుగురిలో నేను కూడా ఒకణ్ణి. నేను, పక్క సాంచాల మీద ముప్పై ఏళ్ళు నాతో పనిచేసిన మా ఊరి దోస్తు, వాడి తమ్ముడు, నా కొడుకు. కోడలు మాతో కూర్చోవడం ఇష్టం లేక ముందు వరుసకు వెళ్ళిపోయింది. ఎంత తెలివైన పని చేసిందో తర్వాత తెలిసింది.

సాంచా అంటే మరమగ్గం. మా నలుగురి బతుకూ వాటి మధ్యనే గడిచింది. నేను మానేసి ఎనిమిదేళ్ళయింది, నా కొడుకు ఇంకా నడుపుతున్నాడు.

మేం బతకడానికి వలస వచ్చిన ఈ ఊళ్ళో, పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పే గుజరాతీ మాస్టరమ్మ ఒకావిడ ఉంది. బడి పిల్లలనూ కాలేజీ పిల్లలనూ యాభై మందిని పోగుచేసి సింఫనీ వాయిస్తుంది. మా పిల్ల చేరేసరికి వయొలిన్లూ ఫ్లూట్లూ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. జిలేబీలా చుట్టుకుపోయిన ఇత్తడి హార్న్ ఒకటి మూలన మిగిలింది. దాన్నే తీసుకుంది. ఇంట్లో ఊదితే ఇరుగుపొరుగు ఊరుకోరు కదా, మా కార్ఖానా మేడ మీద గదిలో సాధన చేసేది. కింద సాంచాలు దడదడలాడుతుంటే పైన ఎవరు ఏం ఊదినా ఎవరికి వినపడుతుంది? ఆ పిల్లకు తాళం నేర్పింది నేనేనని కార్ఖానాలో చెప్పుకున్నాను. నిజానికి నేను చేసిందల్లా ఫ్యాను గాలికి స్వరాల కాగితం ఎగిరిపోకుండా పట్టుకోవడం. అది కూడా రెండుసార్లు తలకిందులుగా పట్టుకున్నాను.

ఆ వేసవి కచేరీకి మాస్టరమ్మ అంతా నూరేళ్ళ కిందటి యూరప్ సంగీతమే తీసుకుంది. కార్ఖానాల హోరు సంగీతంలోకి కూడా ఎక్కిన రోజులట అవి. చివరి అంశం ఒక యంత్రం గురించి. వాయిద్యాలన్నీ కలిసి యంత్రంలా నడిచి నడిచి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్క హార్న్ మాత్రం పై స్వరంలో ఒంటరిగా లేవాలి. అది మా పిల్ల వంతు. రిహార్సల్లో రెండుసార్లు వాయిస్తే రెండుసార్లూ ఆ స్వరం చీలింది. భయంగా ఉంటే చెప్పు, పక్కన కూర్చున్న అబ్బాయికి ఇస్తాను, ఇందులో తప్పేం లేదు అందట మాస్టరమ్మ.

“నేనే వాయిస్తనన్న తాతా,” అంది మా పిల్ల ఇంటికొచ్చి. “గాని పెదాలు జర సడలినా సుర్ రాదు. నవ్వితే అస్సలే రాదు. నువ్వు హాల్ల ఏం మస్తీ చెయ్యకు, ప్లీజ్.”

“నేనేం చేస్త బిడ్డా? గోడ లెక్క కూసుంట.”

“గోడ లెక్క ఎన్నడన్న కూసున్నవా నువ్వు?”

అల్లరి చెయ్యనని ఒట్టు వేశాను. ఆ ఒట్టు మాత్రం మనస్ఫూర్తిగానే వేశాను.

హాల్లో అడుగుపెట్టగానే మా దోస్తు భుజాలు ముడుచుకున్నాడు. “ఏంది బావా, గింత సల్లగుంది! గిది హాలా, ఆలుగడ్డల గోదామా?”

“నోరు మూసుకో. మనవరాలి ప్రోగ్రాం.”

మొదట సముద్రం మీద తెల్లవారినట్టుండే సంగీతమేదో వాయించారు. అలల చప్పుడు సహా నాకంతా అర్థమైందని తర్వాత కోడలితో అన్నాను. అలల దాకా నేను మెలకువగా లేను.

చివరి అంశం మొదలవగానే నలుగురికీ నిద్ర వదిలింది. వయొలిన్లు పొట్టి పొట్టిగా కోస్తున్నాయి, డ్రమ్ములు దబదబమంటున్నాయి. మా దోస్తు నా తొడ మీద చరిచాడు.

“బావా, గిది మన షెడ్డే కదనే! గా మూలకున్న సాంచా బెల్టు వదులైంది, ఇన్నవా?”

విన్నాను. నలుగురి పాదాలూ ఒకే లెక్కన ఆడుతున్నాయి. హోరు పెరిగింది, ఇంకా పెరిగింది, టక్కున ఆగింది.

సాంచా మనిషికి చప్పుడంటే పని సాగుతున్నట్టు. ఆగిందంటే పోగు తెగినట్టు, లేకపోతే కరెంటు పోయినట్టు. అన్నం ముద్ద నోటి దగ్గరున్నా సరే, బుర్రకు తెలిసేలోపే కాళ్ళు లేచి అటు నడుస్తాయి. మేం నలుగురం లేచి నిలబడ్డాం. నా కొడుకైతే రెండడుగులు నడిచేశాడు కూడా.

“అరే కాకా, బేసో నే!” అన్నారు వెనకనుంచెవరో, కూర్చోమని. కిసుక్కుమని ఒక నవ్వు, దాని వెంట ఇంకా నాలుగు నవ్వులు.

స్టేజీ మీద మా పిల్ల హార్న్ ఎత్తి పట్టుకుని మా వైపే చూస్తోంది. ఆ పెదాలు తను పుట్టినప్పటినుంచీ నేను చూస్తున్నవే. ఒక మూల వంకర పోయింది. నవ్వు వచ్చేస్తోంది. నన్ను కోరిందల్లా ఒకే ఒక్కటి.

హోరులో మాటలు వినపడవు కనుక కార్ఖానాలో మేం చేతులతో మాట్లాడుకుంటాం. పిడికిలి బిగించి ఒంటి వైపు లాగితే, సాంచా నడుపు అని అర్థం. నిలబడ్డ చోటే ఆ సైగ చేశాను. అది చూసే మా పిల్ల మొదలుపెట్టిందని మూడు వారాలు గోడాదరా అంతా చెప్పుకు తిరిగాను.

నిజం చెప్పాలంటే ఆ పూట కాపాడింది మాస్టరమ్మ. గాలిలోకి లేపిన చెయ్యి దించలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎంతసేపైనా ఆగుతానన్నట్టు అలాగే నిలబడింది. మేం ఒక్కొక్కళ్ళం కూలబడ్డాం, కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. నవ్వులు సద్దుమణిగాయి. మా పిల్ల హార్న్ దించి, పెదాలు తడుపుకుని, మళ్ళీ ఎత్తింది. మాస్టరమ్మ చెయ్యి కదిలింది.

స్వరం వచ్చింది. ఎక్కడా చీలకుండా, పొద్దుటి ఎండలా హాలంతా పరుచుకుంది. మా దోస్తు కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా తుడుచుకున్నాను, చలి వల్లనని చెప్పాను.

బయటికి వచ్చేసరికి సాయంత్రపు వేడి మొహాన కొట్టింది. మా పిల్ల హార్న్ పెట్టె పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. నేను తొందరపడి మా దోస్తు వైపు వేలు చూపించాను. “గీడే ముందుగాల లేసిండు బిడ్డా.”

“సిగ్గు లేదా బావా?” అన్నాడు వాడు. “నువ్వు లేస్తే కద, మేం లేసినం.”

“నాకు కనబడ్డది,” అంది మా పిల్ల. “ఫస్ట్ తాతనే.”

“పోనీ, నా సైగ చూసినవా?”

“ఏం సైగ? నిన్ను చూస్తే నవ్వొస్తదని ఆంఖ్ బంద్ చేసుకున్న.”

కోడలు వచ్చి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నా కొడుకు, స్వరం నిప్పులాగా ఉందన్నాడు. మా దోస్తు ఆ పొగడ్తను ఇంకో రెండు మెట్లు ఎక్కించాడు. పిల్ల అందరికీ తల ఊపుతూనే నా ముందుకు వచ్చి నిలబడింది.

“తాతా, నిజం చెప్పు. సుర్ పలిగిందా?”

నోటిదాకా చాలా వచ్చాయి. దేశంలో ఇంతవరకూ ఎవరూ అలా ఊదలేదని అనబోయాను. ఆ కళ్ళు చూసి ఆగిపోయాను. చప్పుడులో ఒక్క పోగు తేడా వస్తే పట్టుకునే చెవులు నావి. పైన ఎక్కడా చీలకుండా ఎండలా పరుచుకుందని రాశానే, దానికి ముందొకటి ఉంది.

“జరంత,” అన్నాను. “మొదట్ల. అటెన్క నిలబడ్డది.”

“నాకు తెల్సు,” అంది. పెట్టె నా చేతికిచ్చి, వాళ్ళమ్మను పట్టుకుని ఐస్‌క్రీం బండి వైపు నడిచింది.