శనివారం గుట్టలది

మా ఎదురింటి ఆంటీ పోయారు. మంగళవారం పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ తమ్ముడు మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. సూరారంలో ఉంటారాయన. ఇంత పొద్దున్నే మా కాలనీకి వచ్చారంటేనే సంగతి అర్థమైంది.

"అక్క పోయిందమ్మా. తెల్లారంగ. బాధ పడలే, నిద్రల్నే పోయింది" అన్నారు.

ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందని నాలుగు రోజుల ముందే ఆసుపత్రిలో చేర్చాం. ఆదివారం నేను చూడ్డానికి వెళ్తే, దిండు పక్కనున్న తన ఛాతీ ఎక్స్‌రేను తీసి కిటికీ వైపు పట్టుకుని చాలాసేపు చూశారు. డాక్టరు ఏమన్నారో అడుగుదామని నేను నోరు తెరిచేలోపే, "తీసినోడు మంచిగనే తీసిండు బిడ్డా. పేషెంటే జర వంకరగ నిలవడ్డది" అన్నారు. ఆవిడ నాతో అన్న చివరి జోకు అది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు తిరిగేవాళ్ళలో కొందరైనా ఆవిడను చూసే ఉంటారు. తెల్లజుట్టు, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. మూడు కాళ్ళ స్టాండు మీద ఓ పెద్ద చెక్కపెట్టె, దాని వెనక నల్లగుడ్డ కప్పుకుని వంగిన మనిషి. అది ఫోటో కెమెరా అని ఎవరూ అనుకునేవారు కాదు. భూములు కొలిచే సర్వే వాళ్ళని అనుకునేవారు. ఒకసారి ఒక రైతు పొలంలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏ సర్వే నంబరమ్మా గిది? మా భూమి ఏమన్న పోతదా?" అని అడిగాడు. ఆంటీ అతన్ని పిలిచి నల్లగుడ్డ కిందికి తల పెట్టించారు.

"తలకిందులున్నదేంది?" అన్నాడు లోపల్నుంచి.

"నీ భూమి యాడికి పోలే తమ్మీ. జరంత బోర్లవడ్డది, అంతే."

అతను నవ్వుతూ వెళ్ళి రెండు మక్కకంకులు కాల్చుకొచ్చి ఇచ్చాడు.

ఆవిడ ముప్పై ఏళ్ళు ఓ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని చేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరలే" అనేవారు. ఉద్యోగం చివర్లో ఆసుపత్రికి కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. తేదీ దాటిన పాత ఫిల్ము డబ్బాలు మూలన పడ్డాయి. పారేసేబదులు తీసుకుపొమ్మని పెద్ద డాక్టరే చెప్పారట. అదే రోజుల్లో సికింద్రాబాదులో ఓ పాత స్టూడియో మూసేస్తూ, ఎవరికీ అక్కర్లేని చెక్క కెమెరాను గుమ్మం బయట పెట్టారు. ఆంటీ దగ్గరున్న ఎక్స్‌రే ఫిల్ము, ఆ కెమెరాలో పట్టే ఫిల్ము, రెండూ ఒకే కొలత. పిల్లల పలకంత. "ఏసయ్యే కొలిచి పంపిండు" అనేవారు.

మొదటి ఆరునెలలూ ఒక్క బొమ్మా సరిగ్గా రాలేదట. అయినా వదల్లేదు. ఇంట్లో రెండో బాత్రూముకు కిటికీ మూసి, ఎర్రబల్బు పెట్టించారు. ఎక్స్‌రే ఫిల్ముకు ఎర్రరంగు కనపడదు. అందుకే ఎర్ర వెలుతురులో ధైర్యంగా కడగొచ్చు. అందుకే మోదుగుచెట్టు విరగబూసినా ఆవిడ ఫోటోలో పూలు నల్లగా వచ్చేవి. ఈ ఫిల్ముకు రెండు పక్కలా మందు పూసి ఉంటుంది. గోరు తగిలినా గీత పడుతుంది. అందుకని శుక్రవారం సాయంత్రం వరండాలో కూర్చుని గోళ్ళు మొదలంటా తీసుకునేవారు. అది చూస్తే కాలనీలో అందరికీ తెలిసిపోయేది, రేపు ఆంటీ గుట్టలకు పోతారని.

"ఆదివారం దేవునిది, శనివారం గుట్టలది. కడమ అయిదు దినాలు ఎవరికి గావాల్నో తీస్కోండ్రి" అనేవారు.

నాకూ ఆవిడకూ పరిచయం ఒక తగాదాతో మొదలైంది. మేము భీమవరం వైపు వాళ్ళం. నాకు దుండిగల్ దగ్గరి కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికాక ఈ కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. కాలనీ వెనక గోడ అవతల ఒక రాతిగుండు మీద ఇంకో గుండు నిలబడి ఉంటుంది. కిందిది మా ఇంటంత, పైది దాని మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టు. గోడ ఇవతల పిల్లల పార్కు కట్టాలని అసోసియేషన్ అనుకుంది. పై గుండు దొర్లితే పిల్లల మీద పడుతుందని భయం. దాన్ని పగలగొట్టించమని అధికారులకు ఉత్తరం రాశాం. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది నేనే. నిజానికి ఆ ఉత్తరంలో మాటలు కూడా నావే.

ఆంటీ కాగితం మొత్తం చదివారు. కళ్ళజోడు తీశారు.

"వడ్తదని ఎవరు జెప్పిండ్రు బిడ్డా?"

"చూస్తే తెలియట్లేదా ఆంటీ? ఎలా ఒరిగి ఉందో."

"సూస్తే తెల్వది. పోల్చి సూస్తే తెలుస్తది. పాత ఫిల్ము లేకుంట ఎముక జరిగిందని ఏ డాక్టరన్న జెప్తడా? శనివారం పొద్దుగాల ఆరింటికి రా. బూట్లేసుకో."

సంతకం మాత్రం పెట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. పిల్లల సంగతి పట్టని మనిషి అనుకున్నాను. అయినా శనివారం వెళ్ళాను. వాదించి సంతకం పెట్టించుకుందామనే వెళ్ళాను.

స్టాండు నా భుజానికెత్తారు. గుండు ఎదురుగా ఉన్న చదునైన బండ మీద మూడు చోట్ల తెల్లరంగు చుక్కలున్నాయి. స్టాండు మూడు కాళ్ళు సరిగ్గా ఆ చుక్కల మీద పెట్టించారు. పదకొండేళ్ళ కిందట పెట్టిన చుక్కలవి. ఏటా ఒకసారి, చలికాలంలో, అదే చోటి నుంచి, అదే ఎత్తులో ఆ గుండును తీస్తున్నారట.

నన్ను నల్లగుడ్డ కిందికి రమ్మన్నారు. లోపల పొగమంచు పట్టినట్టున్న అద్దం. అందులో ఆకాశం కింద, నేల పైన. ఆ రెండు గుండ్లూ తలకిందులుగా, ప్రతి పగులూ, ప్రతి నాచుమరకా సహా నిలబడి ఉన్నాయి. ఐదు నిమిషాలు చూశానో పది నిమిషాలు చూశానో తెలియదు. రోజూ మా వంటింటి కిటికీలోంచి చూస్తున్న రాయే అది. నేను దాన్ని చూడ్డం అదే మొదటిసారి.

ఆ కెమెరాకు మీట లేదు. కటకానికి ఉన్న మూత తీయడం, లెక్కపెట్టడం, మూత పెట్టడం. ఆవిడ మూత మీద చేయి వేసి, ముప్పై ఏళ్ళు మనుషులకు చెప్పిన మాటే రాళ్ళకు చెప్పారు. "గాలి పీల్చు. ఆపు. కదలకు." నేనూ ఊపిరి బిగబట్టాను. నాలుగు సెకన్లు. మూత పెట్టి, "ఇగ ఇడువు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాతి వారం అసోసియేషన్ మీటింగుకు ఆవిడ ఓ లైటు డబ్బా మోయించుకొచ్చారు. డాక్టర్లు ఎక్స్‌రేలు పెట్టి చూసే తెల్లటి డబ్బా అది. దాని మీద పదకొండేళ్ళ కిందటి ఫిల్మును పెట్టారు. దాని మీద మొన్నటి ఫిల్మును పెట్టి అంచులు కలిపారు. మా ప్రెసిడెంటు గారు విశ్రాంత ఇంజినీరు. ఆయన ముందుకు వంగారు. అందరం వంగాం. చెట్లన్నీ రెండు రెండుగా కనిపిస్తున్నాయి, ఎందుకంటే అవి పెరిగాయి. దూరంగా పాత గుడిసె ఉన్నచోట కొత్త అపార్టుమెంటు గజిబిజిగా కలిసిపోయింది. గుండ్లది మాత్రం ఒకటే గీత. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"అంటే ఇది పడదంటారా అమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆ క్షణంలో ఎవరైనా అవుననేస్తారు. గది మొత్తం ఆవిడ వైపే ఉంది. ఆంటీ అనలేదు.

"నా ఫిల్ము కదల్లేదనే జెప్తది సారూ. ఇగ ముందు కదలదని జెప్పది. దానికి తెలిసినోన్ని పిలువుండ్రి. పిల్లల ముచ్చట గద, నా మాట మీద కూడ పోకుండ్రి."

మా కాలేజీలో నేల గురించి, రాళ్ళ గురించి పాఠం చెప్పే లెక్చరర్ని నేనే తీసుకొచ్చాను. ఆయన రెండు రోజులు కొలిచి, అడుగు భాగం వెడల్పుగా గట్టిగా ఉందని, అయినా జాగ్రత్తకు కంచె వేసి పార్కును కొంచెం ఇటు జరపమని చెప్పారు. ఉత్తరం నా చేత్తోనే చించేశాను. పార్కు జరిగింది, గుండు ఉంది. ఇప్పుడు పిల్లలు దాన్ని చూస్తూ ఉయ్యాల ఊగుతారు.

అప్పటి నుంచి నాలుగేళ్ళు నా శనివారాలు కూడా గుట్టలవే అయ్యాయి.

ఆవిడతో నెగ్గుకురావడం తేలికని చెప్పను. శనివారానికి ఒక్క ఫిల్మే. మేఘం అడ్డొస్తే, గాలికి కొమ్మలు ఊగితే, గంటలకొద్దీ కూర్చుని ఏమీ తీయకుండానే వెనక్కి వచ్చేసేవాళ్ళం. "ఇంత దూరం వచ్చాం కదా, ఒకటి తీసేయండి ఆంటీ" అని ఒకసారి విసుక్కున్నాను. "వచ్చినమని తీస్తరా? ఎముక ఇరగనోనికి పట్టీ కడ్తరా?" అన్నారు. ఇంకోసారి ఆవిడ మూత తీసి లెక్కపెడుతుంటే నా ఫోన్ మోగింది. ఉలిక్కిపడి స్టాండు కాలు తన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఓ గిన్నెలో సర్వపిండి పంపించి, "శనివారం ఫోన్ ఇంట్ల వెట్టి రా" అని కబురు చేశారు.

ఆవిడ దగ్గర నేను ఫోటోలు తీయడం పెద్దగా నేర్చుకోలేదు. తెలియనిది తెలియదని నిండు సభలో చెప్పడం నేర్చుకున్నాను. ఆఫీసులో ఇప్పుడు ఎవరైనా తొందరపెడితే పాత ఫైలు తెప్పించి పక్కన పెట్టుకుంటాను. నాకు మొండిదాన్నని పేరొచ్చింది. ఆ పేరు నాకిష్టం.

గెలిచిన కథ చెప్పాను కాబట్టి ఓడిన కథా చెప్పాలి. శామీర్‌పేట అవతల ఒక గుట్ట ఉండేది. చుట్టూ సీతాఫలం పొదలు, నడుమ ఎర్రమట్టి బాట. సొంతదారులు దాన్ని కంకరకు అమ్ముకున్నారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అడగడానికి ఎవరికీ ఏమీ లేదు. పని మొదలవడానికి ముందు ఆంటీ మూడు శనివారాలు అక్కడికే వెళ్ళారు. మూడు దిక్కుల నుంచి మూడు ఫిల్ములు తీశారు. నాలుగో శనివారం వెళ్ళేసరికి మిషన్లు దిగి ఉన్నాయి. ఆవిడ కెమెరా బయటికే తీయలేదు.

ఆటోలో తిరిగొస్తుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. "మీకేం అనిపించట్లేదా ఆంటీ?" అన్నాను, కొంచెం కోపంగానే.

ఆవిడ నా చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. "మస్తు అనిపిస్తది. గని నా దగ్గరికి వచ్చినోళ్ళను అతికిచ్చి పంపుడు ఎన్నడు నా చేతుల లేకుండె బిడ్డా. ఉన్నది ఉన్నట్టు తీసి ఇచ్చుడే నా పని. గది మాత్రం ఒక్కనాడు తప్పలే."

నిజంగానే తప్పలేదు.

బుధవారం సమాధి కార్యక్రమం అయింది. శనివారం పొద్దున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చర్చి వాళ్ళు, కాలనీ వాళ్ళు, ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసినవాళ్ళు వచ్చారు. ముందురోజు నేనూ ఆవిడ తమ్ముడూ అలమర తెరిచి ఫిల్ములన్నీ బయటికి తీశాం. వాటిని ఏం చేయాలో తోచక, అంచులకు టేపు వేసి కిటికీల అద్దాలకు అతికించాం. పొద్దున్నే తూర్పు కిటికీల్లోంచి ఎండ వచ్చేసరికి ఎక్స్‌రే ఫిల్ము రంగుకు ఇల్లంతా నీలంగా అయింది. అన్నీ నెగెటివులే కదా, ఆకాశాలు నల్లగా, నీడలు తెల్లగా, ఎటు చూసినా గుట్టలు. పాస్టరు గారు కూడా ప్రార్థన మొదలుపెట్టేముందు కిటికీలన్నీ చూసి వచ్చారు.

శామీర్‌పేట వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఎండలో అటు వెళ్ళినప్పుడల్లా ఆంటీకి మజ్జిగ ఇచ్చే, మేకలు కాసే ఆవిడ. మనవరాలి చేయి పట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగింది. చివరి కిటికీ దగ్గర ఆగింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"గిది మా గుట్ట లెక్కనే ఉంది. గని బాట గిటు రావద్దు" అంది.

మేమే తొందరలో ఆ ఫిల్మును తిప్పి అతికించాం. లోపల్నుంచి చూస్తే ఎడమ కుడిగా, కుడి ఎడమగా ఉంది. నేను తీసి సరిచేద్దామనుకునేలోగా ఆవిడ గుమ్మం దాటి, వరండా చుట్టి, కిటికీకి అవతల వైపుకు వెళ్ళి నిలబడింది.

అవతల నుంచి అద్దానికి ముఖం దగ్గరగా పెట్టింది. ఆ ఎర్రమట్టి బాట ఫిల్ములో సన్నని వెలుగుగీతలా ఉంది. లోపలున్న మాకు ఆవిడ ముఖం కనపడలేదు, వేలి నీడ మాత్రం కనిపించింది. అది గీత మొదట్లో ఒక క్షణం ఆగింది.

"గీడికెళ్ళి ఎక్కేది" అని మనవరాలికి చెప్తోంది. "గీడ సీతాఫలం చెట్టు. గీడ చెలిమె. ఎండకాలం గుడ నీళ్ళు ఉంటుండె."

పాట మొదలవుతోంది, ఎవరో నా పేరు పిలుస్తున్నారు. నేను కదల్లేదు. నీలపు వెలుతురులో ఆ వేలి నీడ మలుపు తిరిగి, ఇంకో మలుపు తిరిగి, నెమ్మదిగా గుట్ట పైకి ఎక్కుతోంది.