సూరమ్మ పసుపు

నాగావళి నీళ్లు దోసిట పట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా మాట నమ్మి బాగుపడినవాళ్లు ఇంతవరకూ లేకపోవచ్చు గాని, ఈసారికి నమ్మండి.

ఈ ఉదయం కొరాపుట్‌లో మా పక్కింటి ఒడియావారి వంటింట్లోంచి, పసుపాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి పిఠాల వాసన వచ్చింది. ఆ పచ్చి ఘాటుకి నేను మళ్లీ రాయగడలో మా పెరట్లో, సూరమ్మత్త వెనకాల నిలబడిపోయాను.

మా నాన్న ఎస్టేటు కచేరీలో గుమాస్తా. ఆయన అక్క సూరమ్మత్త చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. పెరడు ఆవిడ రాజ్యం. మా వైపు మొక్కకి ఇచ్చినవాళ్ల పేరే పేరు: గుణుపురం బంగారమ్మ ఇస్తే బంగారమ్మ బంతి, మునిగుడ టేషను మేస్టరు పంపితే టేషను మేస్టరు కనకాంబరం. ఇచ్చిన మనిషి పోయినా ఆ పేరు పెరటి నుంచి పెరటికి నడుస్తూనే ఉండేది. ఒక వానాకాలం మా పసుపు మడిలో ఒక్క పిలక తెల్లచారలతో లేచింది, పచ్చటి ఆకు మీద ఎవరో సున్నపు కుంచె ఈడ్చినట్టు. అత్త దాన్ని విడిగా నాటి, పచ్చ పిలక కనిపిస్తే తుంచేస్తూ, చారల దుంపలే దాచుకుంటూ, ఏటికేడాది ఓ మడి చేసింది. ఆ ఆకులు ఎంతేసి పెరిగాయంటే, వానొస్తే మా ఆవుదూడ వాటి కింద దూరేది.

ఆ పసుపు తన పేరుతో నాలుగు పెరళ్లకు వెళ్లాలని అత్త ఆశ. ఆ మాటెత్తితే నానమ్మకు గుండెదడ.

“పసుపుకి నీ పేరేటమ్మీ? పూసుకోకూడని దానివి! ఆ పేరు సెప్పి ఇస్తే ఏ ముత్తైదువ పట్టుకెల్తాది?”

“తవ్వడానికి పనికొచ్చినదాన్ని, పేరుకి పనికిరానేటమ్మా?” అనేది అత్త.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మేనేజరుగారి భార్య వచ్చింది. గోదావరి వైపు మనిషి. నాన్న ఉద్యోగం ఆవిడ భర్త చేతిలో ఉంది. ఆనవాయితీ ప్రకారం అత్త వంటింటి తలుపు వెనకే ఉండిపోయింది. మేనేజరుగారి భార్య చూపు పెరట్లోకి పోయింది.

“ఇదేం మొక్కండీ? పేరేమిటి?”

“పేరు లేదమ్మా,” అంది నానమ్మ, మరీ తొందరగా.

“అయితే మొత్తం తవ్వించి బంగళాకు పంపండి. మా అమ్మాయి పేరు పెట్టుకుంటాను.”

వంటింట్లో పెరటి తలుపు గొళ్లెం గలగలమంది. అమ్మ చేతిలో గంధం గిన్నె గాలిలోనే ఆగిపోయింది. తెల్లచీర కొంగు తల మీదుగా కప్పుకుని, మట్టి రాలుతున్న చారల పిలకతో అత్త పెరటి వైపు నుంచి వచ్చి, పేరంటం నడుమ నిలబడింది.

“పేరుందమ్మా. సూరమ్మ పసుపు. నేనే సూరమ్మని. ఆ పేరుతో అయితే పట్టుకెల్లండి.”

నానమ్మ కళ్లు మూసుకుంది. మేనేజరుగారి భార్య పసుపు రాసిన పాదాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి. చివరికి ఆవిడ మెల్లగా పట్టుచీర కొంగు చాపి, “సూరమ్మ పసుపు,” అని పలికి, ఆ మట్టితోనే అందుకుంది.

ఇప్పుడా పెరడు లేదు, అక్కడ బియ్యం గోదాములు లేచాయి. అత్త లేదు, నానమ్మ లేదు. పోయినేడు పూల ప్రదర్శనలో చారల పసుపు కొంటే, కుండీకి తగిలించిన రేకు మీద నోరు తిరగని లాటిన్ పేరుంది.

ఒట్టేశాను గనక చెప్పక తప్పదు. దూడ సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. మేనేజరుగారి భార్య కొంగు చాపడం కూడా నా కల్పనే. ఆవిడ తాంబూలం సైతం వదిలేసి వెళ్లిపోయింది. మర్నాడు నానమ్మ మడంతా పీకించేసింది. అత్త ఆ చోట మళ్లీ ఏదీ నాటలేదు.

ఆ కొంగు కథే చెప్పి, నా కుండీలోంచి ఒక దుంప పక్కింటావిడకి ఇచ్చాను. ఈ ఉదయం పొయ్యి వెలిగించేముందు ఆవిడ కూతుర్ని ఆకులు కోసుకురమ్మంటూ ఆ పసుపుని తన ఒడియాలో “సూరమ్మా హలది” అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను.

అది మాత్రం నేను కల్పించలేదు.