పరగడుపున నాటకం వద్దు

జహీరాబాద్ దవాఖానలో పనిచేసి రిటైరైన నర్సమ్మ మా వీధి చివర ఉండేది. పొద్దున్నే మొగుడంపల్లి రోడ్డు మీద నడిచే ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద. నడుస్తూ వినడానికి, రేడియోవాళ్లు ఫోన్లో పెట్టే పాడ్‌కాస్టులను మాకు మాత్రల్లా ఇచ్చేది. ఏది వినాలని ఎవరడిగినా ముందు ఒకటే ప్రశ్న: "తిన్నవా?"

తిని వచ్చినవాళ్లకు నాటకం. తిననివాళ్లకు విత్తనాల ముచ్చట. "పరగడుపున నాటకం వింటే పానం బరువైతది," అనేది. ఇది ఏ వైద్యంలో ఉందో మాకు తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మా ఆయన పోయాక నేను నడక మానేశాను. దినాలయ్యాక ఒక పొద్దున నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

"తిన్నవా?"

"లేదు నర్సమ్మా."

"అయితే విత్తనాల ముచ్చటే. లే బిడ్డా, ఇది కూసోని వినేది కాదు."

ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది. వైరు పొట్టిది. ఆవిడతో సమానంగా అడుగు వేయక తప్పలేదు. ఝరాసంగం వైపు రైతమ్మ ఎవరో, కంది విత్తనంలో బూడిద, వేపాకు కలిపి మళ్లీ వానల దాకా ఎట్లా కాపాడుకోవాలో చెబుతోంది. ఇద్దరం వింటూ నడిచాం.

ఇంటికి తిరిగి వచ్చేసరికి చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది. ఆ మాటే చెప్పాను. నర్సమ్మ వైరు చుట్టుకుంటూ, "తిను. రేపు నాటకం పెడత," అంది.