ఫుప్పూ చెయ్యి చాపిన ఆదివారం

బాపట్లలో నేను విద్యార్థులకు సూక్ష్మజీవుల పాఠం చెబుతాను. ఇల్లు తెనాలిలో. పొద్దున రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైలుకు తిరిగొస్తాను. ఉద్యోగంతో పాటు కొన్నేళ్ళుగా ఒక పరిశోధన కూడా చేస్తున్నాను. కాలేయాన్ని పట్టే వైరస్‌లు, ముఖ్యంగా హెపటైటిస్ బి, సి, మా వైపు ఎవరెవరిలో ఉన్నాయి, ఉన్నవాళ్ళు వైద్యానికి ఎందుకంత ఆలస్యంగా వస్తున్నారు అన్నది నా ప్రశ్న. మందులు లేక కాదు. సి రకం చాలామందికి మూడు నెలల మాత్రలతో పూర్తిగా నయమయ్యే రోజులివి. బి రకాన్ని రోజుకో మాత్రతో అదుపులో పెట్టవచ్చు. అయినా మా దగ్గరికి వచ్చేవాళ్ళు పొట్టలో నీరు చేరాకో, నెత్తురు కక్కుకున్నాకో వచ్చేవారు.

వచ్చినవాళ్ళను తప్పకుండా ఒక మాట అడిగేదాన్ని. "మొదట ఎక్కడ చూపించుకున్నారండి?"

"రేపల్లెలో బూబమ్మ దగ్గర పసరు తాగామండి" అనేవారు చాలామంది.

ముస్లిం ఇంటి పెద్దావిడను మా వైపు బూబమ్మ అంటారు. ఆ బూబమ్మ మరెవరో కాదు, మా నాన్న అక్క. నాకు ఫుప్పూ. అత్తగారి దగ్గర నేర్చుకున్న కామెర్ల మందును జీవితమంతా ఇస్తూ వచ్చింది. నేల ఉసిరి ఆకు నూరి, పుల్లటి మజ్జిగలో కలిపి, ఆదివారం పరగడుపున తాగిస్తుంది. నూనె వద్దు, కారం వద్దు, మాంసం వద్దు అని పథ్యం చెబుతుంది. చెడ్డ నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ తగ్గడం ఫుప్పూ పసరు ఖాతాలో పడేది. బి, సి వైరస్‌లు అలా పోవు. కళ్ళు తెల్లబడినా అవి చాలామందిలో లోపలే ఉండి, ఏళ్ళ తరబడి కాలేయాన్ని తింటాయి.

ఈ సంగతి మా గైడ్ గారికి చెప్పాను. 

"మీ మేనత్తగారి మీద రాస్తావా, మేనత్తగారితో కలిసి పనిచేస్తావా? ముందు అది తేల్చుకో అమ్మా" అన్నారు.

తేల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, సూదులూ గొట్టాలూ ఉన్న పెట్టె పట్టుకుని, ఒక ఆదివారం రేపల్లె రైలెక్కాను.

నేను వెళ్ళేసరికి వాకిట్లో బల్లల నిండా జనం. చీరాల నుంచి వచ్చిన ఒక మరమగ్గాల పనివాడు భార్య భుజం మీద తల ఆన్చుకుని కూర్చున్నాడు. ఫుప్పూ రోటి ముందు ఆకు నూరుతోంది. డెబ్బై దాటినా చేతిలో బలం తగ్గలేదు. నన్ను చూసి ముఖమంతా నవ్వయింది గానీ, వచ్చిన పని చెప్పగానే ఆ నవ్వు పోయింది.

"నా మందు పనికిరాదని రాయడానికొచ్చావా?"

"కాదు ఫుప్పూ. నీ దగ్గరికొచ్చేవాళ్ళలో ఎవరికి ఏ కామెర్లో తెలుసుకోవడానికొచ్చా. కొన్ని వాటంతట అవే పోతాయి. కొన్ని పోవు. ఆ పోనివాళ్ళని పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలి."

"కళ్ళు చూస్తే నాకు తెలుసుద్ది."

"పచ్చబడటం తెలుస్తుంది. ఎందుకు పచ్చబడ్డాయో రక్తంలోనే తెలుస్తుంది."

 ఫుప్పూ ఆకు నూరడం ఆపింది. తర్వాత గొంతు తగ్గించి, "సూదంటే వీళ్ళు లేచి పోతారు బేటా. మళ్ళీ నా గడప తొక్కరు" అంది. నాకూ అదే భయం.  ఫుప్పూ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అందరి ఎదురుగా బల్ల చివర కూర్చుంది. రవిక చెయ్యి పైకి లాక్కుంది.

"ముందు నాది తియ్యి. వాళ్ళు చూస్తారు."

నేను రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తుంటే వాకిట్లో అందరూ అటే చూశారు. దూది అదిమి పట్టుకుని ఫుప్పూ, "చీమ కుట్టినట్టే ఉంది, పోండి" అంది జనం వైపు తిరిగి. మొదట లేచింది ఆ చీరాల మనిషి. "బూబమ్మగారే ఇచ్చాక మాకేంటండి" అంటూ చెయ్యి చాపాడు. అతని వెనక అతని భార్య, తర్వాత మిగతావాళ్ళు. ఆ రోజు రక్తం ఇవ్వకుండా వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ. తిరుగు రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా పని ఇప్పుడు నిజంగా మొదలైందని అనిపించింది.

బాపట్లలో పరీక్షలు చేసేటప్పుడు గొట్టాల మీద పేర్లుండవు. గుర్తులు మాత్రమే ఉంటాయి. ఎవరిదో తెలియకుండా చేయాలన్నది నియమం. అన్నీ అయ్యాక గుర్తులు విప్పి చూశాను. చీరాల మనిషికి బి రకం ఉంది. సి రకం ఉన్నవాళ్ళలో మా ఫుప్పూ ఉంది.

మళ్ళీ చేశాను. అదే వచ్చింది. వైరస్ బతికే ఉందా, ఎప్పుడో వచ్చి పోయిన గుర్తు మాత్రమేనా అని తేల్చే పరీక్షకు పంపాను. బతికే ఉందని వచ్చింది. స్టూలు మీద కూర్చున్నాను. అయితే నేను భయపడాల్సిన మనిషిని కాను. నేను చదువుకునే రోజుల్లో దీనికి నెలల తరబడి ఇంజక్షన్లు, జ్వరాలు, జుట్టూడటం ఉండేవి. అంతా పడ్డాక కూడా తగ్గుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు అలా కాదు. ఫుప్పూకు ఇది పోగొట్టవచ్చని నాకు తెలుసు. ఆమెను ఒప్పించడం ఎలాగన్నదే ప్రశ్న.

జనం ఉండని రోజు చూసుకుని వెళ్ళాను. ఫుప్పూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నీ రక్తంలో సి రకం వైరస్ ఉంది ఫుప్పూ" అన్నాను, ఆమె పక్కన చాప మీద కూర్చుని.

ఏరుతున్న వేళ్ళు ఆగాయి. "నాకా? నాకేనాడూ కళ్ళు పచ్చబడలేదే."

"చాలామందికి పచ్చబడవు. అందుకే ఏళ్ళ తరబడి తెలియదు. నీకెప్పుడైనా రక్తం ఎక్కించారా?"

 "రెండో కానుపప్పుడు. నెత్తురంతా పోయింది. ఆసుపత్రిలో సీసాలు ఎక్కించారు."

ఆ రోజుల్లో సీసాలో రక్తాన్ని ఈ వైరస్ కోసం పరీక్షించేవారు కాదని చెప్పాను. బహుశా అప్పుడే వచ్చి ఉంటుందని అన్నాను. ఫుప్పూ ఎవరినీ తిట్టలేదు. "ఆ నెత్తురు ఎక్కకపోతే నేను లేను. ఇచ్చినవాడికీ తెలిసుండదు. అల్లా వాడికి మేలు చెయ్యాలి" అంది. అంతలోనే ముఖం మారిపోయింది. నా మణికట్టు పట్టుకుంది.

"నా చేత్తో పసరు తాగినోళ్ళకి కూడా పాకిందా?"

"లేదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. నెత్తురు నెత్తురులో కలవాలి. నీ వల్ల ఎవరికీ రాలేదు ఫుప్పూ."

"ఒట్టు?"

"ఒట్టు."

పట్టు వదిలింది. చేటలో బియ్యాన్ని అటూ ఇటూ కదిపి, "ఏటా వానాకాలంలో నేనూ ఆ పసరు తాగుతా. నీకు తెలుసుగా" అంది. తెలుసన్నాను. "అయినా పోలేదన్నమాట."

"పోలేదు."

ఇక నేను ఒప్పించాల్సిన పని లేకపోయింది.  ఆ వారమే ఫుప్పూ నాతో తెనాలి వచ్చింది.

తెనాలిలో కాలేయ వైద్యుడు స్కాన్ చేసి, "మచ్చలు పడ్డాయమ్మా. కొంచెం గట్టిపడింది. కానీ చెయ్యి దాటలేదు" అన్నారు. మాత్రల సీసా చేతిలో పెట్టి, రోజూ ఒకటి, ఒకే వేళకు, మానకుండా వేసుకోమన్నారు.

"పథ్యం ఏంటండి?" అని అడిగింది ఫుప్పూ.

"పథ్యం ఏం లేదండి. అన్నీ తినొచ్చు. వేరే మందులు మాత్రం నన్నడక్కుండా వేసుకోవద్దు. పసరు కూడా."

బయటికొచ్చాక నా చెవిలో, "పథ్యం లేని మందు ఎక్కడైనా పనిచేసుద్దా? పిల్ల డాక్టరు, మర్చిపోయుంటాడు" అంది. ఎంత చెప్పినా వినలేదు. జబ్బు పోయిందని తేలేదాకా తిననని తనకెంతో ఇష్టమైన గోంగూర పచ్చడి మానేసింది. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. నాకు అది చాలు.

చీరాల మనిషి మాత్రం రాలేదు. నేను ఫోన్ చేసి బి రకం సంగతి చెబితే, "కళ్ళు తెల్లబడ్డాయి మేడం, తగ్గిపోయింది" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఫుప్పూతో చెప్పాను. పేరు చెప్పకూడదన్న నియమం వల్ల, పసరు తాగి తగ్గిందనుకుని ఒకాయన రావడం లేదని మాత్రమే అన్నాను. ఆ మాట విని ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. వచ్చే ఆదివారం అందరి ముందూ తన జబ్బు సంగతి చెబుతానంది.

ఆమె కొడుకు బజారులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అతనికి ఇది బొత్తిగా నచ్చలేదు. "అమ్మా, ఊరంతా అంటుజబ్బంటారు. పిల్లల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. నీకు తగ్గుతుంది కదా, గుట్టుగా మాత్రలేసుకో" అన్నాడు.

"గుట్టుగా ఉన్నందుకే గదరా వాళ్ళంతా పొట్టలు పెంచుకుని చస్తున్నారు" అంది ఫుప్పూ. కొడుకు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె ఆకు నూరలేదు. ఖాళీ రోటి పక్కన నిలబడి మాట్లాడింది. "నాకు కాలేయంలో పురుగుంది. ముట్టుకుంటే అంటేది కాదు. నా పసరుకు పోలేదు. తెనాలి డాక్టరు మాత్రలకు పోద్దంట, వేసుకుంటున్నా. ఇకనుంచి రక్తం కాగితం చూపిస్తేనే నేను పసరు కలుపుతా. మామూలు కామెర్లని రాసుంటే నా దగ్గర కూర్చోండి. కాదని రాసుంటే డాక్టరు దగ్గరికి పోండి."

ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. ఒకామె తన పిల్లవాణ్ణి పక్కకు లాక్కుంది. ఫుప్పూ చూసి కూడా చూడనట్టే ఉంది. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు. వాళ్ళలో వెనక వరుసలో చీరాల మనిషి భార్య ఉంది. భర్తకు నీరసం తగ్గక మళ్ళీ పసరు కోసం వచ్చిందట. ఆమె ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, "మా ఆయన్ని తీసుకొస్తానండి. బూబమ్మగారికే పోలేదంటే మాకెట్టా పోద్ది?" అంది. మాట నిలబెట్టుకుంది. ఇప్పుడతను రోజూ మాత్ర వేసుకుంటూ మగ్గాల షెడ్డులో పనికి వెళ్తున్నాడు. ఆమెకూ ఇద్దరు పిల్లలకూ వైరస్ లేదని తేలింది. ముగ్గురికీ టీకాలు వేయించాం.

ఫుప్పూ మాత్రలు అయిపోయాయి. అయిపోయాక ఇంకో మూడు నెలలు ఆగి రక్తం చూడాలి. అప్పటికీ వైరస్ కనబడకపోతే నయమైనట్టు లెక్క. ఆ ఫలితం నాకు బాపట్లలో, పాఠానికీ పాఠానికీ మధ్య వచ్చింది. వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను.

"లేదు ఫుప్పూ. ఎక్కడా లేదు."

 ఫుప్పూ కొడుకును కేకేసి ఆ మాటే గట్టిగా చెప్పడం వినిపించింది. అతను ఫోన్ తీసుకుని, "నిజమేనా చెల్లీ?" అని అడిగి, నేను అవునన్నాక ఏడ్చాడు. వెనకనుంచి ఫుప్పూ అంటోంది, "ఏడుపాపి గోంగూర తెచ్చిపెట్టు."

వైరస్ పోయినా మచ్చలు ఉన్నాయి కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్‌కు తెనాలి వస్తుంది, మా ఇంట్లోనే ఉంటుంది. ఆదివారాలు నేను రేపల్లెలో ఆమె పక్కన బల్ల వేసుకుంటాను. జనం మునుపటికన్నా తక్కువే, కానీ వచ్చేవాళ్ళు చెయ్యి చాపి మరీ వస్తున్నారు. పోయిన నెల కారంచేడు నుంచి ఒక తాపీమేస్త్రి వచ్చాడు. సి రకం అని తేలింది. తర్వాతి ఆదివారం కాగితం చేతికిస్తే పెద్దాసుపత్రి అంటే వణికిపోయాడు. ఫుప్పూ లోపలికెళ్ళి బురఖా వేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది.

"పద నాయనా, నేనూ వస్తా. ఆ డాక్టరు నాకు తెలిసినోడే. పథ్యం కూడా చెప్పడు."

ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. నేను తర్వాతి మనిషి చేతికి పట్టీ కట్టడం మొదలుపెట్టాను.