తాళాల పళ్లెం

తింటున్న అన్నం మీద ఒట్టు. ఇది జరిగింది. నాకే జరిగింది. "మందు ఎక్కువై ఉంటుందిలే" అని నవ్వేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. నేను తాగను. ఇరవై ఏళ్లుగా బార్లకు వెళ్తున్నాను గానీ ఒక్క చుక్క ముట్టలేదు. గోలీ సోడా, ఉడకబెట్టిన పల్లీలు... అంతే. విజయనగరంలో సగం బార్లలో నన్ను "సోడా బాబు" అంటారు. కావాలంటే వెళ్లి అడగండి.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను. నాకు కోపం ఎక్కువ. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒళ్లు మండుతూనే ఉంది. ఎవరి మీద అంటే... చెబుతాను.

గంటస్తంభం దగ్గర మాకు ఇత్తడి సామాన్ల కొట్టుంది. తాతల నాటిది. నా స్నేహితుడు సూరిబాబుది రామతీర్థం పక్కన పల్లె. వరి వేసేవాడు. శనివారం సాయంత్రమైతే చాలు, బండేసుకుని టౌన్లోకి దిగిపోయేవాడు. మూడు లాంతర్ల దగ్గర చీకుల బండి, స్టేషన్ రోడ్డులో నెత్తళ్ల చేపల వేపుడు, ఒక ముసలమ్మ గుమ్మంలో పోసే ఉల్లి అట్టు... ఎక్కడ ఏది ఏ వేళకు బాగుంటుందో వాడికి తెలిసినంతగా ఈ ఊళ్లో పుట్టిన నాకే తెలీదు. అన్నీ తిరిగి చివరకు కోట వెనక సందులో ఒక పాత బార్‌లో తేలేవాళ్లం.

ఆ బార్ పేరు చెప్పను. అక్కడొక పద్ధతి ఉంది. లోపలికి రాగానే బండి తాళం తీసి కౌంటర్ మీద స్టీలు పళ్లెంలో వేయాలి. వేస్తేనే మందు. వెళ్లేటప్పుడు క్యాషియర్ కామేశం ఆ తాళాన్ని తాగినవాడికి ఇవ్వడు. పక్కనున్న తాగని మనిషిని అడుగుతాడు, "ఇవ్వమంటావా?" అని. ఆ మనిషి ఊఁ అంటేనే తాళం. కామేశం పెద్దకొడుకు తాగి బండి నడిపి చచ్చిపోయాడు. ఆ పళ్లెం అప్పటి నుంచీ ఉంది.

సూరిబాబు తాళానికి ఊఁ అనాల్సినవాణ్ణి నేను.

పోయిన ఏడాది వానాకాలం. ఆ రాత్రి వాడు బాగా ఎక్కువ తాగాడు. మా ఇంట్లో పడుకోమన్నాను. తెల్లారితే పాప పుట్టినరోజు, ఎలాగైనా వెళ్లాలన్నాడు. మాటా మాటా పెరిగింది. "నువ్వేటి నాకు, మాయమ్మవేటి? తాళం ఇస్తావా, ఇవ్వవా?" అని బారంతా వినేలా అరిచాడు. నాకు తిక్క రేగింది. కామేశం వైపు తిరిగాను.

"ఇచ్చీ. పోయి సావనీ."

అన్నాను. అచ్చంగా అవే మాటలు.

నెల్లిమర్ల దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ... దాని వెనక భాగం... అంతే. బండి దొరికింది. ఒక చెప్పు దొరికింది. తాళం మాత్రం దొరకలేదు. ఆ తాళానికి ఒక వెండి మువ్వ ఉండేది. పాప కాలి పట్టీ తెగితే ఊడిన మువ్వను వాడు దారంతో తాళానికి కట్టుకున్నాడు. చుట్టుపక్కల గడ్డిలో అంతా వెతికాం. లేదు.

పదో రోజున వాడి భార్య రమణమ్మ నన్ను అడిగింది. "నువ్వుండి కూడా ఎలా ఎల్లనిచ్చినావు అన్నియ్యా?"

"నేను చూసేలోపే వెళ్లిపోయాడమ్మా" అన్నాను.

అబద్ధం. కామేశానికి నిజం తెలుసు. నోరు విప్పలేదు. నేను మళ్లీ ఆ సందులోకి పోలేదు.

ఈ ఏడాది మళ్లీ వానలు. మా ఆవిడ చిన్నాన్న కొడుకు చైతన్య హైదరాబాద్ నుంచి ఊడిపడ్డాడు. ఊరూరా తిరిగి అక్కడి తిండీ, బార్లూ, వింతలూ వీడియోలు తీసి పెట్టడం వాడి పని. పొద్దున్న రామతీర్థం కొండమీద బౌద్ధుల కాలపు ఇటుకల దగ్గర గెంతాడు. సాయంత్రం చీకుల బండి దగ్గర నాలుక కాల్చుకున్నాడు. అక్కడి వరకూ బాగానే ఉంది.

"బావా, ఇప్పుడు అసలైంది. తాళం పళ్లెంలో వేస్తేనే మందు పోసే బార్ ఉందట కదా? పోయినేడు అక్కడ్నుంచి వెళ్లినవాడెవడో చచ్చిపోయాడని ఒకడు కామెంట్ పెట్టాడు. క్యాషియర్‌ని కెమెరా ముందు అడుగుతా. అదిరిపోద్ది."

అదిరిపోద్దట! చెంప పగలగొట్టాలనిపించింది. రానన్నాను. "అయితే ఒక్కణ్ణే వెళ్తా" అన్నాడు. వీడు అడుగుతాడు... ఆ ముసలాయన చెప్పేస్తే? తాళం ఎవరు ఇప్పించారో కెమెరా ముందు చెప్పేస్తే? అందుకే వెళ్లాను. నా అబద్ధానికి కాపలాగా వెళ్లాను. ఇంతకంటే సిగ్గులేని పని ఉంటుందా?

లోపల ఏమీ మారలేదు. అదే పసుపు బల్బు. అదే ఫినాయిల్ వాసన. అదే పళ్లెం. నా స్కూటీ తాళం అందులో వేశాను. ఠంగుమంది.

"సోడా బాబూ! ఎన్నాళ్లకి కనపడినావు" అన్నాడు కామేశం. నా వెనక చూశాడు... అలవాటుగా, ఇంకో మనిషి కోసం. తర్వాత తల దించుకున్నాడు. చైతన్య ఎంత తవ్వినా ఆయన చనిపోయినవాడి సంగతి మాత్రం ఎత్తలేదు. "తినడానికి ఏటి కావాలి?" అనే అడిగాడు, మూడుసార్లు.

మేమిద్దరం కూర్చునే బల్ల దగ్గరే కూర్చున్నాం. చైతన్య కెమెరాను చిన్న స్టాండు మీద పెట్టి ఆన్ చేశాడు. గ్లాసులో వేలు ముంచి, తాగేముందు పెద్దలకు చిలకరిస్తారే, అలా మూడు చుక్కలు చిలకరించాడు. నేల మీద కాదు... ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద.

"నీ ఫ్రెండే అంట కదా బావా ఆ పోయినవాడు. ఇందాక ఫోన్‌లో అక్క చెప్పింది. ఇది ఆయనకి!"

నవ్వుతున్నాడు వెధవ. నేను వాడి చెయ్యి పట్టుకుని గ్లాసు బల్ల మీద కొట్టాను. సగం ఒలికింది. "బయటికి పో" అన్నాను. వాడికి భయమేసినట్టుంది, బయటి బోర్డును ఫోన్‌తో తీసుకొస్తానని లేచి వెళ్లాడు. కెమెరా బల్ల మీదే వదిలేశాడు. మిగతావాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. కామేశం వెనక షట్టర్ దించడానికి వంటగదిలోకి వెళ్లాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి... ఆగింది. బయట వాన. చూరు నుంచి డబ్బా మీద నీళ్లు పడుతున్న చప్పుడు. టప్... టప్... టప్...

గల్.

ఎలుక అనుకున్నాను. కౌంటర్ వైపు నుంచి వచ్చింది.

టప్... టప్...

గల్... గల్.

నేను పుట్టి పెరిగింది గంటల మధ్య, గజ్జెల మధ్య. ఇత్తడి చప్పుడు వేరు, వెండి చప్పుడు వేరు. వెండి చిన్నగా మోగి చప్పున ఆగిపోతుంది. ఇది వెండి. దాని వెనకే ఇనుము పళ్లేనికి రాసుకుంటున్న చప్పుడు. ఎవరో పళ్లెంలో వేళ్లు పెట్టి... నా తాళాన్ని పక్కకు జరుపుతూ... తనది వెతుక్కుంటున్నట్టు.

 లేవబోయాను.  ఎదుటి కుర్చీ కిర్రుమంది. ఒక మనిషి బరువు పడితే పాత కుర్చీ ఎలా అంటుందో, అలా.

ఆ తర్వాత నాకు గుర్తున్నది వెలుగే. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. నా చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నా లెక్కన ఒక్క నిమిషం. లేచి పళ్లెం దగ్గరకు వెళ్లాను. అందులో నా స్కూటీ తాళం ఒక్కటే ఉండాలి. దాని కింద ఇంకొకటి ఉంది. తడి మట్టి పట్టి ఉంది. నల్లబడిన దారం. దారానికి మువ్వ.

కామేశం వంటగదిలోంచి వచ్చాడు. గల్లా పట్టుకున్నాను. డెబ్బై ఏళ్ల మనిషి గల్లా!

"ఎక్కడ దొరికింది? ఏడాదిగా దాచి ఇప్పుడు ఆటలాడతన్నావా నాతోటి?"

"నానెయ్యనేదు బాబూ. పోయిన నా కొడుకు మీద ఒట్టు. నాకేటీ తెల్దు." ఆయన పళ్లెం వైపు కన్నెత్తి చూడటం లేదు. కొడుకు మీద ఒట్టు పెట్టి ఆ మనిషి అబద్ధమాడడు. నాకు తెలుసు.

ఎవరికైనా రోడ్డు పక్కన దొరికి, ఆ రాత్రే పళ్లెంలో పడేసి పోయి ఉండొచ్చు. ఉండొచ్చు. నాకూ బుర్ర ఉంది, నేనూ అలాగే అనుకున్నాను. రెండు రోజులు.

మూడో రోజు చైతన్య వీడియో పెట్టాడు. "దెయ్యంతో గొడవపడ్డ మా బావ" అని పేరు. చీకట్లో కూడా కెమెరా నడుస్తూనే ఉంది కదా. బొమ్మ లేదు, నలుపే. చప్పుడు ఉంది. పదకొండు నిమిషాలు. అందులో నా గొంతు.

"ఇవ్వను."

వాన చప్పుడు. ఎవరో జవాబు చెప్పేంత సేపు.

"ఇవ్వనంటే ఇవ్వను. కూకో."

మళ్లీ వాన.

"పాప పుట్టినరోజైతే ఏటి? పొద్దున్నెల్దువు గానీ. నాను మీ యమ్మనే అనుకో. కూకోరా సూరిగా... నీ కాళ్లట్టుకుంటాను, కూకో."

ఆ మాటలు నేను అన్నట్టు నాకు గుర్తులేదు. ఒక్కటి కూడా. గొంతు మాత్రం నాదే, అందులో ఏడుపు కూడా నాదే. మధ్య మధ్య ఖాళీల్లో చెవి ఆనించి విన్నాను. వాన తప్ప ఏమీ లేదు. మువ్వ చప్పుడు ఒక్కసారి కూడా లేదు. నేను అంత స్పష్టంగా విన్న చప్పుడు... లేదు.

చైతన్యకు ఫోన్ చేసి బూతులు తిట్టాను. "బావా, జనం ఎగబడి చూస్తున్నారు, తీసేయమంటావేంటి?" అన్నాడు. ఇప్పుడు ఆ సందులో కుర్రాళ్లు బారులు తీరుతున్నారు. పళ్లెంతో ఫొటోలు దిగుతున్నారు. కొడుకును పోగొట్టుకున్న ముసలాడి పళ్లెంతో! వాళ్ల మీద మండుతుంది. చైతన్య మీద మండుతుంది. ఆ రాత్రి నన్ను అంతలా రెచ్చగొట్టిన సూరిగాడి మీద ఇప్పటికీ మండుతుంది. వీళ్లందరి మీదా అరిచి అలిసిపోయాక మిగిలేవాడు ఒక్కడే. వాడి మీద అరవడానికి నాకు గొంతు రావడం లేదు.

నిన్న రాత్రి రమణమ్మ ఫోన్ చేసింది.

"ఈడియో సూసినాను అన్నియ్యా. పాప కూడా సూసింది."  "అయితే ఆ రేత్రి తాళం ఇప్పించింది నువ్వేనా?"

ఈసారి అబద్ధం రాలేదు. నిజమూ రాలేదు.

"బండి మా పశువుల సాలలోనే ఉన్నాది. ఎక్కడ దొరికిందని ఈడియోలో అరిసినావే, ఆ తాళం అట్టుకుని రా. దూరితే దూరతాది, నేకపోతే నేదు. నువ్వు మాత్రం రా. వచ్చి నా ఎదురుగా కూకుని సెప్పు."

ఆ తాళం కొట్లో నా ముందు ఉంది. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎందుకు ఆరలేదో నాకు తెలీదు. అది ఆ బండిదో కాదో, ఆ రాత్రి నా ఎదుట కూర్చున్నది ఎవరో, అసలు ఎవరైనా కూర్చున్నారో లేదో కూడా తెలీదు. రేపు పొద్దున్న బయల్దేరతాను. తెల్లారాక. నా స్కూటీ తాళం మా ఆవిడ చేతికిచ్చాను. రాత్రి నేను ఎంత అరిచినా, ఎన్ని మాటలన్నా, ఇవ్వద్దని చెప్పాను.